గరగరలో వినబడిన పేరు

రేడియో కట్టేసి కూడా బోగోలు టైపిస్టు సమాధానం కుర్చీలోంచి లేవలేకపోయాడన్న చోట పోయినవారం కథను వదిలాం. అప్పటికి జరిగింది ఇదీ. చైనాతో యుద్ధం ఆగి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. బోగోలుకు తూర్పున, కాలువ దాటితే వచ్చే జాలర్ల ఊరు పట్టపుపాళెం నుంచి మిలట్రీలో లారీ డ్రైవరుగా చేరిన చిన్నపోలయ్య కనిపించడం లేదని ముందు తంతి వచ్చింది. ఆ తర్వాత కావలి మనిషి మస్తానయ్య వచ్చాడు. అతనూ అదే మిలట్రీ కంపెనీలో పనిచేసి, మంచుకు కాలివేళ్లు పోగొట్టుకుని ఇల్లు చేరినవాడు. చిన్నపోలయ్య లారీ లోయలోకి దొర్లిపోవడం కళ్లారా చూశానని చెప్పాడు. దాంతో తండ్రి మాలకొండయ్య ఆశ వదులుకుని కొడుకు పెద్దదినానికి, అంటే పెద్దకర్మకు, రోజు పెట్టించాడు. ఆ రోజు రేపే. రేపు పొద్దున చిన్నపోలయ్య భార్య కామమ్మ గాజులు తీసేస్తారు.

ఇవాళ దీపాలు పెట్టే వేళకు పెకింగ్ రేడియో ఇంగ్లీషు వార్తల్లో సమాధానం ఒక పేరు విన్నాడు.

రెబెక్కమ్మ లాంతరు చిమ్నీ తుడుస్తూ మొగుడి ముఖం చూసింది. ఆమె మిషను స్కూల్లో టీచరు. క్రిస్మస్‌కు పిల్లలకు పాటలు నేర్పించి నేర్పించి గొంతు బొంగురుపోయి ఉంది. వరండాలో కట్టిన కాగితపు నక్షత్రం ముసురుకు తడిసి ఒక పక్కకు వాలిపోయింది. దాన్ని సరిచేద్దామని లేచిన మనిషి అక్కడే ఆగిపోయింది.

"ఏమయింది?"

"పట్టుబడ్డ మనవాళ్ల పేర్లు కొన్ని చదివారు. అందులో ఒకటి మన పాళెం పిల్లాడిది లాగుంది."

రెబెక్కమ్మ చిమ్నీ కింద పెట్టింది. "లాగుంది అంటే? ఏం వినబడిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"చైనా పోలియా అని వినబడింది. వెంటనే డ్రైవర్ అన్నారు. ఆ వెనక నెల్లూరు. ఊరి పేరు గరగరలో పోయింది."

"చైనా పోలియా ఏంది?"

"చిన్న అనే మాట ఆ చదివే ఆవిడ నోటికి చైనా అయిందేమో. లేదంటే చైనా అన్నది ముందు వాక్యంలో చివరి మాటై ఉండాలి. ఆ రేడియోలో మాటకు ముందొకటి వెనకొకటి చైనా వస్తూనే ఉంటుంది గదా. అట్లయితే పోలియా అనేది ఎవడో వేరే మనిషి పేరు."

అతనికి తన గొంతు తనకే చిరాగ్గా వినిపించింది. ఇన్నేళ్లూ చేసింది ఈ పనే. ఊళ్లో అందరూ అతన్ని టైపిస్టు అనుకుంటారు. హిమాలయాల అవతల ఒక ఇరుకు లోయలో, మన ప్రభుత్వం నడిపిన చిన్న ఆఫీసులో అతను నిజంగానే టైపు మిషను ముందు కూర్చునేవాడు. కానీ చెవులకు హెడ్‌ఫోన్లు ఉండేవి. పెకింగ్ ఏమంటున్నది, లాసా ఏమంటున్నది, నిన్న అన్న మాటకూ ఇవాళ అన్న మాటకూ తేడా ఏమిటి అని విని, టైపు చేసి, పొద్దున్నే ఆఫీసరు బల్ల మీద పెట్టాలి. అక్కడి నుంచి అది ఢిల్లీ పోతుంది. కిటికీ బయట మంచు పేరుకుని, చేతివేళ్లు కొంకర్లు పోతున్నా ఆ పని ఒక్కపూట ఆగేది కాదు. ఈ వేసవిలో ఆ ఆఫీసు మూసేశారు. కంచరగాడిదల మీద సామాను దింపుకుని అందరూ కొండ దిగారు. అప్పటి నుంచి సమాధానం సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు, కొత్త చోటుకు ఆర్డరు ఎప్పుడొస్తుందా అని చూస్తూ. పని పోయినా చెవి ఊరుకోదు. ఆ వేళకు చెయ్యి దానంతటదే రేడియో ముల్లు తిప్పుతుంది.

ఆఫీసరు మొదటిరోజే ఒక మాట చెప్పాడు. విన్నది రాయి, వినాలనుకున్నది రాయొద్దు, అనుమానం ఉంటే పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. సమాధానం ఆ మాట దాటి ఎరగడు. కానీ అక్కడ ప్రశ్న గుర్తు పెట్టేస్తే తన పని అయిపోయేది. ఇక్కడ కాలువ అవతల ఒక ఆడమనిషి ఉంది.

"ఇంకొకటి గూడా అన్నారు," అన్నాడు. "కొందరు బందీలు వాళ్ల వాళ్ల భాషల్లో ఇంటికి కబురు చెబుతారంట. రేపు ఇదే వేళకు వినిపిస్తారంట."

"రేపు సాయంత్రమా? పెద్దదినం పొద్దున గదా."

"అదే."

బయట ముసురు హోరు పెరిగింది. రెబెక్కమ్మ వచ్చి అతని ఎదురుగా పీట మీద కూర్చుంది.

"మీకు ఆర్డరు ఈ నెలలోనో వచ్చే నెలలోనో వస్తాది," అంది. "ఇప్పుడు పోయి, నేను పెకింగ్ రేడియో వింటున్నానని పాళెమంతా చెబితే ఏమవుతుందో ఆలోచించినారా? పోయిన ఆదివారం చర్చి బయటే అడిగినారు నన్ను, మీ ఇంట్లో చైనా వాళ్ల మాటలు వినబడుతుంటాయంట గదా అని. నవ్వి ఊరుకున్నా. పోలీసులొస్తే నవ్వి ఊరుకోలేం."

"పోవద్దంటావా?"

"ఆ పిల్లాడికి అక్షరాలు దిద్దించింది నేను. పోవద్దని నా నోటితో ఎట్లా అంటాను? ఏమేం జరగొచ్చో తెలిసే పొమ్మంటున్నా. తెలియక పోయినానని తర్వాత నాతో అనబాకండి."

అప్పటికే చీకటి పడింది. వరద మీదున్న కాలువలో చీకటిపడ్డాక పడవ వెయ్యరు. తెల్లారేదాకా ఆగక తప్పలేదు. ఆ రాత్రి సమాధానానికి పట్టింది నిద్రో కలతో అతనికే తెలియదు. చైనా పోలియా, చిన్నపోలయ్య, చైనా పోలియా అని లోపల అదే తిరిగింది. తిప్పిన కొద్దీ చిన్నపోలయ్య అనే వినబడుతోంది. అందుకే అతనికి భయం వేసింది. వినాలనుకున్నది వింటున్నానేమో.

* * *

తెల్లవారి మొదటి పడవలోనే కాలువ దాటాడు. సరుగుడు తోటల్లో ఇసుక మెత్తగా తడిసి అడుగు లోతుకు దిగుతోంది. సముద్రం కనిపించక ముందే దాని రొద వినబడింది. అల్పపీడనం వల్ల వేటకు ఎవరూ పోలేదు. తెప్పలన్నీ కట్లు విప్పి గట్టుకు లాగి ఉన్నాయి. పాళెంలో ఇళ్ల మధ్య పందిరి వేశారు. పెద్ద గంగాళాల్లో అన్నం ఉడుకుతోంది. చుట్టాలు గోనెపట్టలు కప్పుకుని చూరుల కింద కూర్చున్నారు.

పందిరి కింద మునసబు పద్మనాభయ్య ఉన్నాడు. తంతి తెచ్చి చదివి వినిపించింది ఆయనే. అందుకని ఈ ఇంటి మంచిచెడ్డలు తనమీద ఉన్నట్టుగా ముందే వచ్చి కూర్చున్నాడు. సమాధానాన్ని చూసి పక్కన చోటిచ్చాడు.

"కూర్చో సమాధానం. నువ్వు రావడం మంచిపనైంది."

సమాధానం కూర్చోలేదు. నేరుగా మాలకొండయ్య దగ్గరికి పోయాడు. ముసలాయన ఇంటి గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, ఉప్పుగాలికి పగుళ్లు పడిన ఆ ముఖం ఒక్కసారిగా కుంగిపోయినట్టుంది.

"మాలకొండయ్యన్నా, నీతో ఒక మాట చెప్పాలి. పక్కకు రా."

"పక్కకెందుకు? అంతా మనోళ్లే. ఈడే చెప్పు."

"ఈ పని రేపటికి ఆపు. ఒక్క పూట. సాయంత్రం దాకా ఆగితే చాలు."

మాలకొండయ్య తలెత్తి చూశాడు.

"ఎందుకు?"

"పట్టుబడినోళ్ల పేర్లు నిన్న రేడియోలో చదివినారు. అందులో ఒకటి మన చిన్నపోలయ్య పేరు మాదిరి వినబడింది. ఖాయంగా చెప్పలేను. సాయంత్రం ఇంకా చెబుతారు."

లోపలి నుంచి ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. చిన్నపోలయ్య తల్లి మాలకొండమ్మ గుమ్మంలోకి వచ్చి ద్వారబంధం పట్టుకుంది. పద్మనాభయ్య లేచి వచ్చాడు.

"ఏ రేడియో సమాధానం? మద్రాసులో చెప్పినారా? విజయవాడలోనా?"

ఇక్కడ ఒక అబద్ధం చాలు. మద్రాసు అంటే సరిపోతుంది. ఎవరూ పోయి అడగరు. నోటి దాకా వచ్చింది కూడా.

"పెకింగ్," అన్నాడు.

ఆ మాట అర్థం కానివాళ్లు పక్కవాళ్లను అడిగారు. చైనావాళ్ల రేడియో అని ఒకరికొకరు చెప్పుకోవడం పందిరి ఆ చివరి దాకా పాకింది. ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. పద్మనాభయ్య చేత్తో వాణ్ణి కూర్చోమన్నాడు.

"ఇంతమందిలో అనాల్సిన మాటేనా అది?" అన్నాడు గొంతు తగ్గించి. "నేను విన్నాక విననట్టు ఉండలేను, తెలుసు గదా. పైకి రాయాల్సొస్తాది."

"రాయండి. అది నా ఉద్యోగం, మునసబు గారూ. కొండల అవతల మన ఆఫీసులో నేను చేసింది వాళ్ల రేడియో వినడమే. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, చెప్పకూడదు కాబట్టి. ఇప్పుడు చెప్పకపోతే ఆ అమ్మాయికి అన్యాయం జరుగుతాది."

మాలకొండయ్య మోకాళ్ల మీద చేతులు ఆన్చి మెల్లగా లేచాడు. కోపం వస్తే బాగుండు అనిపించింది సమాధానానికి. ముసలాయన గొంతులో కోపం లేదు.

"అబ్బయా, నా కొడుకు ఒకసారి తంతిలో పోయినాడు. ఇంకోసారి మస్తానయ్య నోట్లో పోయినాడు. రెండోసారి పోయినాక నేను సముద్రం కాడికి పోయి కూర్చుని, సరే పోయినాడు అనుకున్నా. ఎట్లానో అనుకున్నా. ఇప్పుడు నువ్వొచ్చి బతికుండాడేమో అంటావు. సాయంత్రానికి అది గూడా కాదని తేలితే వాడు మళ్లా పోవాల. ఎన్నిసార్లు మొయ్యమంటావు నన్ను?"

మాలకొండయ్య ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"పైగా చెప్పింది ఎవరు? వాణ్ణి కొట్టినోళ్లే గదా."

"వాళ్లు అబద్ధాలు చెబుతారు. నిజాలు కూడా చెబుతారు."

"ఇది రెండిట్లో ఏది?"

"నాకు తెలియదు."

మాలకొండమ్మ గుమ్మం దిగి వచ్చి సమాధానం చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"నాయనా, బతికుండాడు అని ఒక్క మాట అను. నువ్వంటే ఆయన ఆపుతాడు. నీ నోటితో ఒక్క మాట అను."

ఆ మాట అనడం ఎంత తేలిక. అంటే అందరూ నమ్ముతారు. పెద్దదినం ఆగుతుంది. తను వచ్చిన పని అవుతుంది. సమాధానం ఆమె ముఖంలోకి చూశాడు. ఈమెకు ఇప్పుడు తను ఏం చెప్పినా అది ఆమె బతికినన్నాళ్లూ ఉంటుంది.

"నాకు అట్లా వినబడింది అని మాత్రం చెప్పగలనమ్మా. అంతకు మించి చెబితే నేను నిన్ను మోసం చేసినట్టు."

ఆమె చెయ్యి వదిలేసింది. మాలకొండయ్య పందిరి వైపు తిరిగి, "కానివ్వండి," అన్నాడు.

అప్పుడు కామమ్మ బయటికి వచ్చింది.

చివరిసారిగా ముస్తాబు చేయడం వాళ్ల వాడుక. తలంటి పోసి, కొత్తచీర కట్టి, రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు తొడిగి, తలనిండా పూలు పెట్టి ఉన్నారు. పెళ్లికూతురిలా ఉన్న మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమె ఎవరి వైపూ చూడకుండా సమాధానం ముందుకు వచ్చి నిలబడింది.

"అన్నా, సాయంత్రం ఏం చెబుతారు?"

"పట్టుబడినోళ్లు కొందరు సొంతంగా మాట్లాడతారంట. వాళ్ల భాషలో. అందరూ కాదు. చిన్నపోలయ్య ఉంటాడో ఉండడో చెప్పలేను."

"లేకపోతే?"

"లేకపోతే నేను విన్నది తప్పయినా కావచ్చు, వాళ్లు అతన్ని మాట్లాడించకపోయినా కావచ్చు. ఏదీ తెలియదు."

ఆమె తల ఊపింది. ఆ తర్వాత మామ వైపు తిరిగింది.

"మామా, నేను ఈపొద్దు కూర్చోను."

"అమ్మే, వంట అయింది. చుట్టాలొచ్చినారు. మంగలి వచ్చి కూర్చోనుండాడు."

"వచ్చినోళ్లు అన్నం తినిపోతారు. నేను కూర్చోను. ఈ గాజులు రేపు గూడా తీయొచ్చు, ఎల్లుండి గూడా తీయొచ్చు. తీసేసినాక ఆయనొస్తే మళ్లా ఎవురు తొడుగుతారు? నువ్వు తొడుగుతావా?"

ఒక ముసలావిడ ముందుకొచ్చి కామమ్మ భుజం పట్టుకుని లోపలికి లాగబోయింది. కామమ్మ మొండిగా నిలబడిపోయింది. పెనుగులాటలో కుడిచేతి గాజొకటి చిట్లి ముక్కలు ఇసకలో పడ్డాయి. అందరూ వాటినే చూశారు. కామమ్మ వంగి ఆ ముక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగున ముడేసుకుంది. ముసలావిడ చెయ్యి తీసేసింది.

మాలకొండయ్య కోడలి వైపు చూశాడు. ఆ తర్వాత వానలోనే తెప్పల వైపు నడిచిపోయాడు.

పద్మనాభయ్య సమాధానాన్ని కాలువ దాకా సాగనంపాడు. పడవ ఎక్కే ముందు అన్నాడు:

"సాయంత్రం నేనూ వస్తా. నేను లేకుండా ఆ పెట్టె తిప్పబాక."

"వినడానికా?"

"నువ్వేం వినిపిస్తున్నావో చూడడానికి. మునసబు ఎదురుగా జరిగిందంటే దొంగచాటుగా జరిగినట్టు కాదు. అంతవరకే నేను చేయగలిగింది. తర్వాత పైవాళ్ల ఇష్టం."

* * *

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఇంటిముందు తాటిచెట్టుకు కట్టిన ఏరియల్ తీగ తెగి దొడ్లో పడింది. సమాధానం దాన్ని అతికించి, ఒక కొయ్య నిలబెట్టి మళ్లీ కట్టాడు. కట్టిన గంటకే కొయ్య విరిగి వంగింది. తీగ పనిచేస్తుందో లేదోనని సిలోన్ స్టేషను పెడితే సముద్రం రొద లాంటి గరగర తప్ప ఏమీ లేదు. సిలోనే సరిగా రావడం లేదు. పెకింగ్ ఎట్లా వస్తుంది?

"ఇదంతా చేసి, చివరికి వినబడకపోతే?" అంది రెబెక్కమ్మ.

అదే మాట అతన్ని పొద్దుట్నుంచీ తింటోంది.

పొద్దు వాలుతుండగా వచ్చారు. ముందు పద్మనాభయ్య గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెనక కామమ్మ, అత్త మాలకొండమ్మ. కామమ్మ పొద్దుటి చీరతోనే ఉంది. పూలు మాత్రం తీసేసింది. రెబెక్కమ్మ వాళ్లిద్దరికీ చాప వేసి, తడి తుడుచుకోమని తువ్వాలిచ్చి, తనూ పక్కనే కూర్చుంది.

"పెద్దాయన రాలేదా?" అన్నాడు సమాధానం.

"వచ్చినాడు," అంది మాలకొండమ్మ. "లోపలికి రానన్నాడు. బయట ఉండాడు."

కిటికీలోంచి చూస్తే మాలకొండయ్య చూరు కింద నిలబడి, వేలాడుతున్న ఏరియల్ తీగ వైపు చూస్తున్నాడు. తెప్ప నడిపే గడకర్ర భుజాన ఉంది. కాలువ దాటేటప్పుడు లోతు చూడడానికి తెచ్చినట్టున్నాడు.

వేళ అయింది. సమాధానం ముల్లు జరిపాడు. గరగర. కొంచెం జరిపాడు. ఎక్కడిదో పాట ముక్క వచ్చి పోయింది. మళ్లీ గరగర. చేతివేళ్లకు ఆ చోటు తెలుసు, కళ్లు మూసుకునైనా పెట్టగలడు. ఆ చోట ఉంది కూడా. ఒక ఆడగొంతు నీళ్ల అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు లేస్తూ మునుగుతూ ఉంది. మాట తెలియడం లేదు. పద్మనాభయ్య ముందుకు వంగాడు.

"తీగ కిందికి వాలిపోయింది," అన్నాడు సమాధానం. "పైకి ఉంటేగానీ రాదు."

అంతలో గరగర తగ్గింది. గొంతు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. రెబెక్కమ్మ కిటికీ దగ్గరికి పోయి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాలకొండయ్య తీగ చివరను గడకర్రకు చుట్టి, కర్రను రెండు చేతులా నిలువుగా ఎత్తి పట్టుకుని వానలో నిలబడి ఉన్నాడు. గాలికి కర్ర ఊగితే ఒళ్లంతా ఆనించి ఆపుతున్నాడు.

ఇంగ్లీషులో ఏదో చెప్పడం అయింది. ఆ తర్వాత ఒక మగగొంతు హిందీలో మాట్లాడింది. ఇంకొకటి, పంజాబీ కాబోలు. ఆ తర్వాత తమిళం. ఒక్కొక్కరు రెండు మూడు మాటలే. ఎవరో ఎదురుగా నిలబడి చెప్పిస్తున్నట్టు, బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్టు ఉంది. ఒక్కో గొంతు ఆగినప్పుడల్లా మాలకొండమ్మ సమాధానం వైపు చూస్తోంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇక అయిపోయిందేమో అనుకుంటుండగా తెలుగు వినిపించింది.

"నేను చిన్నపోలయ్యను. నెల్లూరు జిల్లా, బోగోలు పట్టపుపాళెం. మాలకొండయ్య కొడుకును. నేను బాగుండాను. కాలికి దెబ్బ తగిలింది, తగ్గింది. ఈడ అన్నం పెడతా ఉండారు. అమ్మను ఏడవబాకని చెప్పండి. కామమ్మకు చెప్పండి, నేను వస్తాను."

అంతే. ఆ తర్వాత మలయాళంలో ఎవరో మొదలుపెట్టారు.

మాలకొండమ్మ నేలకు వంగి నుదురు చాపకు ఆన్చింది. ఆమె వీపు కదులుతోంది, నోట్లోంచి చప్పుడు రావడం లేదు. రెబెక్కమ్మ ఆమెను పట్టుకుని తనూ ఏడుస్తోంది. పద్మనాభయ్య కళ్లద్దాలు తీసి పైపంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. "నేను విన్నా సమాధానం," అన్నాడు. "పైకి రాసేటప్పుడు ఇది గూడా రాస్తా. నా చెవులతో విన్నానని రాస్తా."

సమాధానం ముల్లు మీది చెయ్యి తీశాడు. ఇంక ప్రశ్న గుర్తు అక్కర్లేదు. పేరు, ఊరు, తండ్రి పేరు, భార్య పేరు, అన్నీ సరిపోయాయి. మాట కూడా ఈ ఒడ్డు మాటే. బాగుండాను, ఉండారు, ఏడవబాక. గుంటూరువాడో గోదావరివాడో అనే మాటలు కావవి. ఇన్నేళ్ల పనిలో ఇంత స్పష్టంగా అతను విన్నది ఏదీ లేదు.

మాలకొండమ్మ లేచి, తడబడుతూ గుమ్మం దాకా పోయింది. "మన బిడ్డే, మన బిడ్డే మాట్లాడినాడు," అని వానలోకి చెప్పింది. బయట ముసలాయన ఏమన్నాడో వినబడలేదు. కర్ర మాత్రం దించలేదు. ఇంకా ఏమైనా వస్తుందేమోనని కాబోలు, అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. పద్మనాభయ్యా రెబెక్కమ్మా ఆయన్ని లోపలికి పిలవడానికి వరండాలోకి వెళ్లారు.

గదిలో కామమ్మ ఒక్కతే మిగిలింది.

సమాధానం రేడియో కట్టేసి ఆమె వైపు తిరిగాడు. ఏడుస్తూ ఉంటుందనుకున్నాడు. ఆమె ఏడవడం లేదు. మొదట ఎట్లా కూర్చుందో అట్లాగే, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆగిపోయిన రేడియో వైపు చూస్తూ ఉంది. గాజులు ఒక్కటి కూడా చప్పుడు చేయడం లేదు.

"కామమ్మా, విన్నావు గదమ్మా," అన్నాడు. "ఇంక నువ్వు ధైర్యంగా ఉండొచ్చు."

ఆమె గుమ్మం వైపు చూసింది. బయట వానలో అత్త మామ భుజం మీద తల పెట్టుకుని నిలబడి ఉంది. కామమ్మ జరిగి సమాధానం దగ్గరగా వచ్చింది. వరండాలోకి వినబడనంత చిన్నగా అంది:

"విన్నానన్నా. అది మా ఆయన గొంతు కాదు."

సమాధానం నవ్వబోయాడు. "రేడియోలో గొంతు మారతాదమ్మా. ఎంత దూరం నుంచి రావాల? పైగా దెబ్బ తగిలి పడుండాడు. నేనే మా ఆఫీసరు గొంతు ఒకసారి వైర్‌లెస్‌లో విని గుర్తుపట్టలేదు."

"మారినా తెలుస్తాది. చెప్పినోడు ఆయన కాదు."

"అట్లయితే ఎవడో నీ మొగుడి పేరు పెట్టుకుని, నీ పేరు, మీ మామ పేరు ఎట్లా చెబుతాడు? ఎవడికి తెలుసు అవన్నీ?"

కామమ్మ కొంగును గట్టిగా పిడికిట్లో పట్టుకుంది.

"వాడికి తెలుసు," అంది. "ఆ గొంతు ఎవురిదో నేను గుర్తుపట్టినా."